అనస్థీషియాలో ఉత్తమ పీజీని ఎంచుకోవడం ఎలా: నాయకత్వం, పరిశోధన, జూనియర్లకు నేర్పడం

అక్టోబరు 16 దగ్గరపడితే అనస్థీషియా (మత్తు వైద్యం) విభాగాల్లో హడావుడి మొదలవుతుంది. 1846లో ఆ రోజున బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మోర్టన్ ఈథర్ మత్తు ఇచ్చి చూపించాడు కాబట్టి దాన్ని ప్రపంచ అనస్థీషియా దినంగా జరుపుకుంటాం. ర్యాలీ, సీపీఆర్ డెమో, కేకు, చివర్లో ‘బెస్ట్ పీజీ’కి, అంటే విభాగంలో పోస్ట్ గ్రాడ్యుయేషన్ చేస్తున్న డాక్టర్లలో ఉత్తములకు, ఒక షీల్డు. ఆ షీల్డు మీద ఎవరి పేరు చెక్కించాలన్నది చాలాచోట్ల ముందురోజు సాయంత్రం, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గదిలో టీ తాగేలోపు తేలిపోతుంది. ఎవరి పేరు ముందు గుర్తొస్తే వాళ్లదే. కాన్ఫరెన్సులో పేపరు చదివినవాళ్లు, పెద్ద సార్ ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) ఎక్కువ పోస్టింగులు పడినవాళ్లు, నాలుగు మాటలు బాగా మాట్లాడేవాళ్లు ముందు గుర్తొస్తారు.

మన పనిలో ఉన్న చిక్కే ఇది. మత్తు సవ్యంగా ఇస్తే అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. బీపీ పడిపోకముందే పట్టుకున్న పీజీ గురించి ఎవరూ చెప్పుకోరు. పడిపోయాక పరుగులు పెట్టి నిలబెట్టినవాళ్లు మాత్రం హీరోలైపోతారు. అందుకని అనస్థీషియా పీజీని అంచనా వేయాలంటే నేను ఒకే కొలత పట్టుకోమంటాను. ఆ మనిషి గదిలో లేనప్పుడు ఆ మనిషి చేసిన పనిలో ఎంత నిలబడి ఉంది? నాయకత్వానికీ, పరిశోధనకీ, నేర్పడానికీ ఇదే కొలత. శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ వైద్య కళాశాలైనా, రాగోలు జెమ్స్ అయినా, నెల్లిమర్ల మిమ్స్ అయినా, మరే కాలేజీ అయినా ఈ పద్ధతి సరిపోతుంది. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఏడాది పొడవునా కాస్త ఓపిక కావాలి.

మొదటి అడుగు: నియమాలు ఏడాది మొదట్లోనే చెప్పండి

ఒక పేజీ చాలు. ఎవరు అర్హులు, ఏం చూస్తాం, ఎవరు చూస్తారు అన్నది రాసి విభాగం నోటీసు బోర్డులో పెట్టండి. మూడో ఏడాది పీజీల్లో డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ (జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల పని) ముగించుకుని వచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకోమని నా సలహా. ఎందుకో కిందకొచ్చాక చెబుతాను. ప్రసూతి సెలవు, జబ్బు సెలవు తీసుకున్నారని మార్కు తగ్గించకూడదన్న మాట కూడా అదే పేజీలో ఉండాలి. నోటితో చెప్పి వదిలేస్తే చివర్లో ఎవరో ఒకరు ‘ఆవిడ ఆర్నెల్లు లేదు కదా’ అంటారు.

చేయక తప్పని పనిని ప్రతిభ కింద రాయొద్దు. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల ప్రకారం థీసిస్, రీసెర్చ్ మెథడాలజీ కోర్సు, ఎథిక్స్ కోర్సు, బీసీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినవాళ్లను నిలబెట్టే ప్రాథమిక, ఉన్నత స్థాయి) శిక్షణ అందరికీ తప్పనిసరి. ఇవి పూర్తిచేసినవాళ్లు గడప దాటారంతే. అసలు అంచనా లోపలికొచ్చాకే మొదలవుతుంది.

రెండో అడుగు: ఓటీలో ఒక నోటుబుక్కు

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ దీనిమీదే నిలబడతాయి. కన్సల్టెంట్ల గదిలో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టి, ఒక్కో పీజీకి కొన్ని పేజీలు కేటాయించండి. కంటపడినది ఆ రోజే నాలుగైదు వాక్యాల్లో రాయాలి. తేదీ, సందర్భం, పీజీ ఏం చేశారు, ఎవరు చూశారు. రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాయకూడదు. ‘బాగా చేశాడు’, ‘చాలా సిన్సియర్’ లాంటి మాటలు ఆ పుస్తకంలోకి రానివ్వొద్దు. అవి చదివితే ఏడాది తర్వాత ఎవరికీ ఏమీ గుర్తురాదు.

మంచి ఎంట్రీ ఇలా ఉంటుంది: ‘రాత్రి సిజేరియన్. బిడ్డ బయటికొచ్చాక రక్తస్రావం. సర్జన్ నోరు తెరవకముందే సక్షన్ బాటిల్ చూసి బ్లడ్ బ్యాంకుకు ఫోను చేయించింది. రెండో లైను పెట్టింది. కన్సల్టెంటును రమ్మంది. గదిలో ఉన్న నలుగురికీ పేరు పెట్టి పిలిచి తలో పని చెప్పింది. చూసినవారు: స్టాఫ్ నర్సు, గైనిక్ సీనియర్ రెసిడెంట్.’ ఇందులో పొగడ్త ఒక్క ముక్క లేదు. అయినా చదివినవాడికి ఆ పీజీ ఎలాంటిదో తెలిసిపోతుంది.

తప్పులు కూడా రాయాలా? రాయాలి, కానీ ఆ తప్పు తర్వాత పీజీ ఏం చేశారన్నది కూడా పక్కనే రాయాలి. సిరంజి మారిపోబోయిందని తనంతట తానే వచ్చి చెప్పి, మర్నాటినుంచి అన్ని సిరంజిలకూ లేబుళ్లు అంటించే అలవాటు ఓటీలో పెట్టిన పీజీకి ఆ ఎంట్రీ బలమే అవుతుంది.

మూడో అడుగు: నాయకత్వాన్ని సరైన చోట వెతకండి

ఎక్కువ కేసులు ఒంటిచేత్తో లాగించడాన్ని నాయకత్వం అనుకోవడం మన విభాగాల్లో పాత జబ్బు. నా దృష్టిలో ఊపిరి ట్యూబు పడని గొంతు ఎదురైనప్పుడు రెండో ప్రయత్నానికే సీనియర్‌ను పిలిచినవాడు, ఎవరినీ పిలవకుండా అయిదోసారికి వేసినవాడికంటే పెద్ద నాయకుడు. రెండోవాడి కథే క్యాంటీన్‌లో తిరుగుతుందనుకోండి, అది వేరే సంగతి.

చూడాల్సినవి చిన్న చిన్న విషయాలు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టును మత్తుకు ముందు ఒకసారి, కోతకు ముందు ఒకసారి, రోగి ఓటీ వదిలేముందు ఒకసారి గట్టిగా చదవాలి. చాలాచోట్ల మూడింటికీ టిక్కులు కేసు అయిపోయాకే పడతాయి. సర్జన్ తొందరపెడుతున్నా ‘ఒక్క నిమిషం సార్’ అని ఆపి చదివించే పీజీ ఎవరు? ఆ పీజీ డ్యూటీలో లేని రోజున కూడా ఆ ఓటీలో చెక్‌లిస్టు చదువుతున్నారా? చదువుతుంటే అదే నాయకత్వం.

పొద్దున్నే మెషీన్ చెక్ చేసేది ఎవరు, క్రాష్ కార్టులో (అత్యవసర మందుల బండిలో) అడ్రినలిన్ గడువు చూసేది ఎవరు, హీమోగ్లోబిన్ అయిదున్న మనిషిని అత్యవసరం కాని ఆపరేషనుకు ఎక్కిస్తుంటే ‘ఇవాళ వద్దు సార్, రక్తం ఎక్కించి రేపు చేద్దాం’ అని పెద్దవాళ్ల ముందు నోరు తెరిచేది ఎవరు? ఇవన్నీ ప్రొఫెసర్లకంటే ఓటీ టెక్నీషియన్లకీ, రికవరీ నర్సమ్మలకీ బాగా తెలుసు. వాళ్లను అడగండి. ‘ఎవరు మంచివాళ్లు’ అని అడిగితే అందరూ మంచివాళ్లే అంటారు. ‘మీ ఇంట్లోవాళ్లకు రాత్రిపూట ఆపరేషన్ అయితే ఏ పీజీ డ్యూటీలో ఉండాలనుకుంటారు, ఎందుకు?’ అని అడగండి. ఆ ‘ఎందుకు’కి వచ్చే జవాబే రాసుకోండి.

డ్యూటీ రోస్టరు ఇంకో గొప్ప సాక్ష్యం. సంక్రాంతికి శ్రీకాకుళంలో, దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరంలో సెలవు అడగని పీజీ ఉండడు. రోస్టరు వేసే సీనియర్ పీజీ తన పేరు ఎక్కడ వేసుకున్నాడో చూడండి. మూడేళ్ల రోస్టర్లు ముందేసుకుంటే ఎవరు పండగ డ్యూటీలను జూనియర్ల నెత్తిన రుద్దారో, ఎవరు తామే చేశారో అరగంటలో తెలిసిపోతుంది. దీనికి ఏ ఇంటర్వ్యూ అక్కర్లేదు.

పెద్ద ప్రమాదాలు అరుదుగా వస్తాయి గానీ వచ్చినప్పుడు మనిషి బయటపడతాడు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. అలాంటి రాత్రి క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చిపడితే ఎవరిని ముందు ఓటీకి ఎక్కించాలి, ఉన్న వెంటిలేటర్లు ఎవరికి, రక్తం ఎంతుంది అన్న లెక్క ఎవరో ఒకరు తలలో పెట్టుకోవాలి. అలాంటి సందర్భంలో మీ పీజీలు పనిచేసి ఉంటే వారం తిరక్కముందే అందరితో మాట్లాడి రాసిపెట్టండి. ఆలస్యమైతే ఎవరి కథలో వాళ్లే నాయకులవుతారు.

ఒక పక్షపాతం గురించి నేరుగానే చెప్పాలి. సర్జన్‌ను ఆపిన మగపిల్లాడిని ‘ధైర్యం ఉన్నవాడు’ అంటాం. అదే పని ఆడపిల్ల చేస్తే ‘నోరు ఎక్కువ’ అంటాం. నోటుబుక్కు తిరగేసేటప్పుడు పేరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఎంట్రీ చదవండి. తేడా వెంటనే పట్టుబడుతుంది.

నాలుగో అడుగు: పరిశోధనలో ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

పేపర్లు లెక్కపెట్టడం సులువు, అందుకే అందరూ అదే చేస్తారు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లు ఉన్న రోజుల్లో లెక్కకు విలువ తక్కువ. ముందు ప్రశ్న చూడండి. వర్జీనియా అప్గార్ అనస్థీషియా డాక్టరు. తల్లులకు మత్తు ఇస్తూ, పుట్టిన బిడ్డను ఎవరూ పద్ధతిగా చూడటం లేదని గమనించి 1952లో అయిదు లక్షణాలకు సున్నా నుంచి రెండు దాకా మార్కులేసే పద్ధతి ప్రతిపాదించింది. ఖరీదైన యంత్రమేమీ వాడలేదు. ఇప్పటికీ మన ఘోషా ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకైనా ఆ స్కోరే వేస్తాం.

మన జిల్లాల్లో అలాంటి ప్రశ్నలకు కొదవలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగులకు డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే కుట్టు) వేస్తారు. భుజం దగ్గర నరాలకు బ్లాక్ (చెయ్యంతా మొద్దుబార్చే మత్తు సూది) ఇస్తే చేతి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. మరి బ్లాక్ ఇచ్చి వేసిన ఫిస్టులాలు, లోకల్ మత్తుతో వేసినవి మూడు నెలల తర్వాత ఎలా పనిచేస్తున్నాయి? ఈ ప్రశ్న పట్టుకున్న పీజీ ఓటీలో కూర్చుంటే సరిపోదు, పలాస, సోంపేట వైపు డయాలసిస్ కేంద్రాలకు ఫోన్లు చేయాలి, వెళ్లాలి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే పుట్టుజబ్బు) ఉన్నవాళ్లకు ఆపరేషన్ సమయంలో ఒళ్లు చల్లబడకుండా, ఆక్సిజన్ తగ్గకుండా, నీరు తగ్గకుండా చూడాలి. వాళ్లను పీఏసీలోనే (ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షలోనే) పట్టుకునే పద్ధతి మన దగ్గర ఉందా? కట్లపాము కాటుతో కనురెప్పలు వాలిపోయి వచ్చినవాళ్లకు వెంటిలేటర్ ఎన్ని గంటలకు అందుతోంది? ఇవి ఇక్కడి పీజీ మాత్రమే అడగగలిగిన ప్రశ్నలు.

ఆడిట్‌ను, అంటే మనం చేసే పని ప్రమాణాలకు తగ్గట్టుందో లేదో లెక్కతీయడాన్ని, చిన్నచూపు చూడొద్దు. ‘రాత్రినుంచీ నీళ్లు కూడా ముట్నేదు బాబూ’ అని మధ్యాహ్నం రెండింటికి టేబుల్ మీద పడుకున్న ముసలాయన అంటే మనం అలవాటుగా తలూపుతాం. నిజానికి ఆపరేషనుకు రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగొచ్చని, తేలికపాటి తిండికి ఆరు గంటల విరామం చాలని ప్రమాణాలు చెబుతున్నాయి. మన వార్డుల్లో రోగులు అసలు ఎన్ని గంటలు పస్తుంటున్నారో లెక్కతీసి, నర్సులతో కూర్చుని తెలుగులో ఒక చీటీ తయారుచేసి, మళ్లీ లెక్కతీసి తేడా చూపించిన పీజీకి నేనైతే మూడు పోస్టర్లు వేసినవాళ్లకంటే ఎక్కువ మార్కులు వేస్తాను. ఆ పీజీ వెళ్లిపోయాక కూడా ఆ చీటీ వార్డు గోడమీద ఉంటుంది.

పరిశోధన నిజాయితీని పరీక్షించడానికి కాగితాలు తెప్పించుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ మొదటి రోగి తేదీకంటే ముందుందా? ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు అయ్యాకే రోగులను తీసుకున్నారా? 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు నమోదే తప్ప వెనకటి తేదీలకు వీల్లేదు. అసలు డేటా షీటు ఉందా, లేక పట్టికలే ఉన్నాయా? రచయితల పేర్ల విషయంలో అంతర్జాతీయ మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, మొత్తానికి జవాబుదారీ కావాలి. పేపరు తెచ్చిన పీజీని బోర్డు దగ్గర నిలబెట్టి స్లైడ్లు లేకుండా పావుగంట మాట్లాడమనండి. తన పనైతే ఏ రోగిని ఎందుకు వదిలేశారో కూడా చెబుతారు. ఫలితం ‘తేడా లేదు’ అని వచ్చిందని మార్కు కోయొద్దు.

అయిదో అడుగు: నేర్పడాన్ని నేర్చుకున్నవాళ్లనే అడగండి

ఎన్ని క్లాసులు చెప్పారన్న లెక్క పనికిరాదు. మొదటి ఏడాది పీజీ తొలిసారి వెన్నులో సూది పెట్టేటప్పుడు వెనకాల ఎవరు నిలబడ్డారు? చెయ్యి వణికితే సూది లాగేసుకున్నారా, లేక ‘ఆగు, ఊపిరి తీసుకో, ఎముక తగిలితే కొంచెం పైకి’ అన్నారా? రోగి వింటుండగా తిట్టారా? పెద్దరికం చలాయించడాన్ని కొందరు నేర్పడం అంటారు. అది ర్యాగింగుకు దగ్గర చుట్టం.

చిన్న విభాగాల్లో పేరు రాయని ఫారాలు పెద్ద బూటకం. అయిదుగురు జూనియర్లుంటే చేతిరాత చూసి ఎవరిదో చెప్పేయొచ్చు. అందుకని ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటి మరో విభాగం నుంచి ఒక నమ్మకస్తుడైన ఫ్యాకల్టీని అడగండి. ఆయనో ఆవిడో ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు మాట్లాడి, ఎవరు ఏమన్నారో చెప్పకుండా సారాంశం ఇస్తే చాలు. అడగాల్సిన ప్రశ్న ఒకటే ముఖ్యం: ‘అర్ధరాత్రి నీ వల్ల ఏదో తేడా జరిగిందనిపిస్తే ముందు ఎవరికి ఫోను చేస్తావు?’ ముగ్గురు జూనియర్లు ఒకే పేరు చెబితే మీ పని సగం అయిపోయినట్టే.

ఇంటర్న్‌లు, ఓటీ టెక్నీషియన్ విద్యార్థులు, నర్సింగ్ పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చూడండి. కాలేజీ పిల్లలకూ, ఆర్టీసీ డ్రైవర్లకూ ఛాతీ నొక్కడం నేర్పే శిబిరాల్లో ఫొటోకు నిలబడేవాళ్లు ఒకరు, బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రతివాడి చేతులూ సరిచేసేవాళ్లు ఒకరు. రెండోవాళ్లు ఫొటోలో సాధారణంగా ఉండరు.

ఆరో అడుగు: మూడు నెలలు లేనప్పుడు ఏమైందో చూడండి

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ పూర్తయినవాళ్లనే పరిగణించమన్నది ఇందుకే. పీజీలు మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఆ మూడు నెలలూ విభాగంలో ఆ మనిషి ఉండరు. ఇంతకంటే మంచి పరీక్ష ఎవరు పెట్టగలరు? సిరంజి లేబుళ్లు కొనసాగాయా? బుధవారం జూనియర్ల క్లాసు ఆగిపోయిందా, లేక మరొకరికి అప్పగించి వెళ్లారా? స్టడీ కోసం డేటా రాసే పని ఆగిందా? వెళ్లిన మొదటి నెల చివర ఒకసారి, మూడో నెల చివర ఒకసారి నోటుబుక్కులో దీని గురించి రాయండి.

అవతలి వైపు నుంచి కూడా ఒక మాట తెప్పించుకోండి. టెక్కలి లాంటి జిల్లా ఆసుపత్రిలో ఒక్క మత్తు డాక్టరుతో ఓటీ నడిచే రోజులుంటాయి. అక్కడికి వెళ్లిన పీజీ ‘నాకు ఫైబర్ ఆప్టిక్ స్కోపు లేదు’ అని మూలుగుతూ కూర్చున్నారా, ఉన్న సామాన్లతోనే కష్టమైన గొంతుల కోసం ఒక పెట్టె సర్దిపెట్టారా? పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ అందరికీ వస్తుంది. అది చాలదు. అక్కడి సూపర్‌వైజరును ఒక సంఘటన రాసిమ్మని అడగండి.

ఏడో అడుగు: కమిటీ

అయిదుగురు సరిపోతారు. హెచ్‌ఓడీ, మరో అనస్థీషియా కన్సల్టెంట్, గైనిక్ నుంచో సర్జరీ నుంచో ఒకరు, ఓటీ హెడ్ నర్సు, బయటి విభాగం నుంచి ఒకరు. హెడ్ నర్సును అలంకారానికి కూర్చోబెట్టొద్దు, ఓటు ఇవ్వండి. ఎవరి థీసిస్ విద్యార్థి పేరు చర్చకొస్తే ఆ గైడు బయటికెళ్లాలి. ‘మనవాడు’ అన్న మాట, అది ఊరిని బట్టైనా, కులాన్ని బట్టైనా, కాలేజీ యాజమాన్యంతో ఉన్న చుట్టరికాన్ని బట్టైనా, గదిలోకి రాకుండా చూసే బాధ్యత బయటి సభ్యుడిది.

వందకు మార్కులేస్తే నాయకత్వానికి 35, నేర్పడానికి 35, పరిశోధనకు 30 అంటాను నేను. పరిశోధనను కొందరు సగానికి పెంచాలంటారు. పరిశోధనకు డిగ్రీలోనూ, ఐఎస్‌ఏ (దేశంలోని మత్తు డాక్టర్ల సంఘం) కాన్ఫరెన్సు బహుమతుల్లోనూ వేరే గుర్తింపు ఎలాగూ ఉంది. మిగతా రెండింటికీ ఇది తప్ప మరో వేదిక లేదు. ఆ ఏడాది ఎవరూ తగరనిపిస్తే ఇవ్వకండి. ఇద్దరూ సమానమైతే ఇద్దరికీ ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: సిఫారసు లేఖ, సభ

లేఖ ఎలాగూ ఇంగ్లీషులోనే పోతుంది కానీ ముందు తెలుగులో అనుకుని రాయండి, అలంకారాలు వాటంతటవే రాలిపోతాయి. ‘కష్టపడి పనిచేసే, క్రమశిక్షణ గల, అందరితో కలిసిపోయే విద్యార్థి’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ సరిపోదు. దాని బదులు: ‘ఈ పీజీ మొదలుపెట్టిన ఉపవాస సమయాల చీటీ ఇప్పుడు మా మూడు సర్జికల్ వార్డుల్లో ఉంది. ఆమె డిస్ట్రిక్ట్ రెసిడెన్సీలో ఉన్న మూడు నెలల్లో మొదటి ఏడాది పీజీలే దాన్ని నడిపారు.’ ఒక గుణం చెబితే కింద ఒక సంఘటన ఉండాలి. సంఘటన దొరకకపోతే ఆ గుణం కొట్టేయండి. పేజీన్నర దాటొద్దు.

సభలో చదివే ప్రశంసాపత్రం మాత్రం తెలుగులో ఉండాలి. అమ్మానాన్నలు కవిటి నుంచో, బొబ్బిలి నుంచో బస్సెక్కి వస్తారు. ‘మా పాప మత్తు సూది ఏస్తాది’ అన్నంతవరకే తెలిసిన తల్లికి, ఆ సూది వేశాక తన కూతురు రోగి ఊపిరినీ గుండెనూ ఎంతసేపు కాపలా కాస్తుందో మొదటిసారి తెలిసేది అక్కడే. రోగుల ఫొటోలు, పేర్లు స్లైడ్లలో వద్దు. షీల్డుకు పెట్టే డబ్బుతో అల్ట్రాసౌండ్ బ్లాకుల వర్క్‌షాపుకో, ఐఎస్‌ఏ వార్షిక సదస్సు ఐసాకాన్ రిజిస్ట్రేషనుకో ఫీజు కట్టండి. పీజీ స్టైపెండుతో అవి కట్టుకోవడం కష్టం.

సభ అయిన వారంలోపు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేసేది ఇదే. అవార్డు రానివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి, నోటుబుక్కులో వాళ్ల పేజీలు వాళ్లకే చదివి వినిపించండి. తమ గురించి ఎవరు ఏం గమనించారో వాళ్లలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. రెండో ఏడాది పీజీలకు కూడా అలాగే చూపించండి, వచ్చే అక్టోబరుకు ఇంకా టైముంది. తర్వాత పాత పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, కన్సల్టెంట్ల గదిలో కొత్తది పెట్టండి.